పట్టికలో పేరు, దాని వెనక నంబరు: డ్రాప్‌డౌన్‌ల మీద పాఠకుల ప్రశ్నలు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే ఇబ్బంది చుట్టూ తిరిగాయి. డేటాబేస్‌లో ఒక టేబుల్‌లో ఉన్న పేర్లను ఇంకో టేబుల్‌ను చూపించే గ్రిడ్‌లోకి డ్రాప్‌డౌన్‌గా తేవడమే ఆ ఇబ్బంది. (గ్రిడ్ అంటే తెరమీద వరుసలు, గడులుగా కనిపించే పట్టిక, డ్రాప్‌డౌన్ అంటే నొక్కితే తెరుచుకునే జాబితా.) మిల్లు, రొయ్యల కొనుగోలు, కొబ్బరి కొట్టు, లేసు ఎగుమతి అంటూ వ్యాపారాలు వేరైనా చిక్కు అక్కడే పడుతోంది. అందుకే ఈసారి శీర్షిక మొత్తం దానికే ఇచ్చాం.

ప్రశ్న: మా రైస్ మిల్లులో ధాన్యం లోడు దిగినప్పుడల్లా తూకం చీటీ ఎక్కించుకోడానికి సీ షార్ప్‌లో చిన్న ప్రోగ్రాం రాయించుకున్నామండి. రాసిన కుర్రాడు ఉద్యోగం వచ్చి వెళ్లిపోయాడు. గ్రిడ్‌లో ‘రకం’ అన్న కాలమ్‌లో 1, 2, 3 అని నంబర్లే కనబడుతున్నాయి. గుమాస్తా గోడకు అంటించిన కాగితం చూసి నంబరు కొడుతున్నాడు. అక్కడ స్వర్ణ, 1121 అని పేర్లు వచ్చి, నొక్కితే జాబితా తెరుచుకోవాలంటే ఏం చెయ్యాలండి?
– ఒక పాఠకుడు, తణుకు

జవాబు: నంబర్లు కనబడుతున్నాయంటే మీ డేటాబేస్ సరిగానే ఉందన్నమాట. చీటీల టేబుల్‌లో రకం పేరు కాకుండా రకం ఐడి, అంటే ఆ రకాన్ని గుర్తించే నంబరు, దాచారు, అది మంచి పని. మారాల్సింది గ్రిడ్ ఒక్కటే.

విజువల్ స్టూడియోలో ఆ ఫారం తెరిచి, గ్రిడ్ పైమూల కనిపించే చిన్న బాణం నొక్కి ‘ఎడిట్ కాలమ్స్’లోకి వెళ్లండి. రకం కాలమ్‌ను ఎంచుకుని, ‘కాలమ్ టైప్’ దగ్గర టెక్స్ట్‌బాక్స్ కాలమ్ తీసి డేటాగ్రిడ్‌వ్యూ కాంబోబాక్స్ కాలమ్ పెట్టండి. ఆ తర్వాత నాలుగు గళ్లు నింపాలి. ‘డేటా సోర్స్’లో రకాల టేబుల్. ‘డిస్‌ప్లే మెంబర్’లో ఆ టేబుల్‌లోని పేరు కాలమ్. ‘వాల్యూ మెంబర్’లో అదే టేబుల్‌లోని ఐడి కాలమ్. ‘డేటా ప్రాపర్టీ నేమ్’లో మాత్రం చీటీల టేబుల్‌లోని రకం ఐడి కాలమ్. చాలామంది తప్పేది ఈ నాలుగో గడిలోనే. మొదటి మూడూ జాబితా టేబుల్‌వి, నాలుగోది గ్రిడ్ చూపిస్తున్న టేబుల్‌ది. రెండు టేబుళ్లలోనూ కాలమ్ పేరు ‘ఐడి’ అనే ఉంటే నాలుగో గడిలో చీటీ ఐడి పడిపోయి, వరుస నంబరే రకం అయి కూర్చుంటుంది. అందుకే చీటీల టేబుల్‌లో ఆ కాలమ్‌కు ‘రకం ఐడి’ అని విడిగా పేరు ఉండాలి.

డిస్‌ప్లే మెంబర్, వాల్యూ మెంబర్ రెండూ ఖాళీగా వదిలేస్తే జాబితా తెరిచినప్పుడు ప్రతి వరుసలోనూ ‘సిస్టమ్ డాట్ డేటా డాట్ డేటారోవ్యూ’ అన్న మాటే కనిపిస్తుంది. అది చూసి భయపడక్కర్లేదు, ఏ కాలమ్ చూపించాలో గ్రిడ్‌కు ఎవరూ చెప్పలేదని అర్థం.

ఇక ఫారం లోడ్ అయ్యేచోట టేబుళ్లలోకి డేటా నింపే ‘ఫిల్’ వాక్యాల వరుస చూసుకోండి. ముందు రకాల టేబుల్ నిండాలి, తర్వాతే చీటీల టేబుల్. తిరగబడితే చీటీలు తెరమీదకు వచ్చే వేళకు జాబితా ఖాళీగా ఉంటుంది. ప్రతి గడికీ ఒక ఎర్రర్ పెట్టె వస్తుంది, మూసినకొద్దీ ఇంకోటి. కాలమ్‌లు డిజైనర్‌లో కాకుండా కోడ్‌లో పెట్టుకునే వాళ్లు డేటా సోర్స్ ఇవ్వడానికి ముందే ‘ఆటో జెనరేట్ కాలమ్స్’ను ఫాల్స్ చెయ్యాలి. లేకపోతే మీరు పెట్టని కాలమ్‌లు కూడా చివర్న వచ్చి చేరతాయి.

గుమాస్తా వేగంగా ఎక్కించాలంటే ఇంకో రెండు మార్పులు అవసరం. గ్రిడ్ ‘ఎడిట్ మోడ్’ను ‘ఎడిట్ ఆన్ ఎంటర్’ చేస్తే జాబితా తెరవడానికి పదేపదే నొక్కే బాధ తగ్గుతుంది. కీబోర్డు మీదే ఉండేవాళ్లకు ఎఫ్4 గానీ ఆల్ట్‌తో కింది బాణం గానీ జాబితాను తెరుస్తాయి. రెండోది, పేరు ఎంచుకున్నా గడి దాటేవరకు ఆ విలువ లోపలికి చేరదు. రకాన్ని బట్టి పక్క కాలమ్‌లో ఏదైనా వెంటనే మారాలంటే ‘కరెంట్ సెల్ డర్టీ స్టేట్ చేంజ్డ్’ ఈవెంట్‌లో ‘కమిట్ ఎడిట్’ పిలవండి. అప్పుడు ‘సెల్ వాల్యూ చేంజ్డ్’ తక్షణం వస్తుంది.

జాబితాలో ఒకేసారి 8 పేర్లే కనిపించడం మామూలు అమరిక. ‘మ్యాక్స్ డ్రాప్‌డౌన్ ఐటమ్స్’ను 100 దాకా పెంచుకోవచ్చు. సార్వా, దాళ్వా రకాలన్నీ కలిపినా మీకు 20 సరిపోతుంది.

ఒక్క మాట అదనంగా. ఎం.టి.యు. 7029కే స్వర్ణ అని పేరు కదా, ఐడి స్థానంలో నేరుగా 7029, 1121 పెట్టేస్తే పోలేదా అనిపిస్తుంది. వద్దు. ఆ నంబర్లు మారుటేరు పరిశోధన స్థానం తన రకాలకు ఇచ్చుకున్నవి. సాంబ మసూరి బాపట్లది, బి.పి.టి. 5204. రెండు చోట్ల నంబర్లు ఎప్పుడైనా ఒకటి కావచ్చు, అసలు నంబరే లేని ధాన్యం కూడా మిల్లుకు వస్తుంది. ఐడికి అర్థం ఉండకూడదు. అర్థమంతా పేరు కాలమ్‌లో ఉండాలి.

ప్రశ్న: మాది కొబ్బరి, ధాన్యం కొనుగోలు. గ్రిడ్‌లో దళారి పేరుకు డ్రాప్‌డౌన్ పెట్టుకున్నాం. కొత్త చీటీలు బాగానే ఉన్నాయి గానీ, పోయిన ఏడాది చీటీలు తెరిస్తే ‘డేటాగ్రిడ్‌వ్యూ కాంబోబాక్స్ సెల్ వాల్యూ ఈజ్ నాట్ వ్యాలిడ్’ అని వరసగా పెట్టెలు వస్తున్నాయి. పని మానేసిన దళారులను జాబితాలోంచి తీసేశాం, దానివల్లేనా?
– ఒక పాఠకుడు, అమలాపురం

జవాబు: దానివల్లే. గ్రిడ్ ప్రతి గడిలోని ఐడిని తీసుకుని జాబితాలో వెతుకుతుంది. దొరికితే పేరు చూపిస్తుంది, దొరక్కపోతే ‘డేటా ఎర్రర్’ ఈవెంట్ లేపుతుంది. మీరు దాన్ని పట్టుకోలేదు కాబట్టి ఆ పెట్టె వస్తోంది. డేటా ఎర్రర్‌కు ఖాళీ హ్యాండ్లర్ రాసి నోరు మూయించమని సలహా ఇచ్చేవాళ్లు ఉంటారు. వినకండి. పెట్టెలు ఆగుతాయి గానీ చీటీ ఎవరిదో తెలియకుండా పోతుంది.

ఇక్కడ గట్టిగా పట్టుకోవాల్సిన విషయం ఒకటే. చూపించడానికి కావలసిన జాబితా వేరు, ఎంచుకోవడానికి ఇచ్చే జాబితా వేరు. చూపించే జాబితాలో ఇప్పటివరకు ఏ చీటీలోనైనా వాడిన ప్రతి దళారీ ఉండాలి. ఎంచుకునే జాబితాలో ఇవాళ పనిచేస్తున్నవాళ్లు చాలు. ఈ రెంటికీ ఒకే జాబితా వాడినంత కాలం ఏదో ఒక రూపంలో ఈ గొడవ తిరిగొస్తూనే ఉంటుంది.

కనుక దళారుల టేబుల్‌లోంచి ఎవరినీ తొలగించకండి. ‘వాడుకలో’ అని ఒక కాలమ్ పెట్టి, మానేసినవాళ్లకు 0 చెయ్యండి. కాలమ్ డేటా సోర్స్‌కు మొత్తం టేబుల్ ఇవ్వండి. ‘సెల్ బిగిన్ ఎడిట్’ ఈవెంట్‌లో ఆ ఒక్క గడి డేటా సోర్స్‌ను ‘వాడుకలో = 1 లేదా ఐడి = ఈ గడిలో ఉన్న ఐడి’ అన్న షరతుతో వడగట్టిన వ్యూకు మార్చండి. ‘సెల్ ఎండ్ ఎడిట్’లో మళ్లీ మొత్తం జాబితాకు తెచ్చెయ్యండి. ఆ ‘లేదా’ భాగాన్ని మర్చిపోవద్దు. అది లేకపోతే మానేసిన దళారి ఉన్న పాత చీటీలో ఆ గడిమీదకు కర్సర్ వెళ్లగానే మళ్లీ అదే ఎర్రర్.

ఇప్పటికే తొలగించినవాళ్ల సంగతి? దళారుల టేబుల్‌లో లేని ఐడిలు చీటీల్లో ఏమేం ఉన్నాయో ఒక లెఫ్ట్ జాయిన్ క్వెరీతో (రెండో టేబుల్‌లో జత దొరకని వరుసలనూ చూపించేది) తీయండి. పాత బ్యాకప్‌లోంచి వాటి పేర్లు తెచ్చి, అవే ఐడిలతో తిరిగి చేర్చండి. బ్యాకప్ లేకపోతే ‘తెలియదు – 14’ లాంటి పేరుతోనైనా ఆ ఐడిని చేర్చండి, కాగితం చీటీలు చూసి తర్వాత సరిచేసుకోవచ్చు. అసలు ఏ చీటీలోనైనా వాడిన దళారి వరుసను డేటాబేస్ తొలగించనివ్వకూడదు. మీది ఎస్‌క్యూలైట్ అయితే ఫారిన్ కీ (చీటీల్లో ఉన్న ఐడిని దళారుల టేబుల్‌లోంచి తీయనివ్వని నిబంధన) రాసినా మామూలుగా అది పనిచేయదు. కనెక్షన్ తెరిచిన ప్రతిసారీ ‘ప్రాగ్మా ఫారిన్ కీస్ ఆన్’ ఇవ్వాలి. ఒకసారి ఇస్తే ఫైల్‌లో నిలిచిపోతుందనుకుని చాలామంది మోసపోతున్నారు.

జాబితాలో ఐడి కళ్లెదుటే ఉన్నా ఇదే ఎర్రర్ వచ్చే సందర్భం ఇంకోటి ఉంది. దానికి కారణం ఐడి కాలమ్‌ల డేటా రకాల (టైపుల) తేడా. జాబితాను మీ సొంత క్లాసుల లిస్టుగా ఇస్తే గ్రిడ్ విలువలను ‘ఈక్వల్స్’తో పోల్చుతుంది. ఇంట్‌లో ఉన్న 7, లాంగ్‌లో ఉన్న 7 దాని దృష్టిలో సమానం కావు. ఎస్‌క్యూలైట్‌లో కాలమ్‌ను ‘ఇంటీజర్’ అని ప్రకటిస్తే డాట్‌నెట్ వైపు 64 బిట్ల లాంగ్‌గా వస్తుంది, ‘ఇంట్’ అని రాస్తే 32 బిట్లదిగా వస్తుంది. ఒక టేబుల్‌లో అలా, ఇంకో టేబుల్‌లో ఇలా రాసి ఉంటే చిక్కు మొదలు. యాక్సెస్‌లో ఎక్సెల్ షీట్‌ను దిగుమతి చేసుకున్నప్పుడు నంబర్ల కాలమ్ డబుల్‌గా తయారవుతుంది, ఆటోనంబర్ మాత్రం లాంగ్ ఇంటీజర్. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో ఐడిని ‘చార్ 10’గా పెట్టినవాళ్లకు వెనక ఖాళీలు చేరి పోలిక కుదరదు. లిస్టుకు బదులు డేటాటేబుల్ ఇస్తే వెతికేముందు రకాన్ని మార్చుకుంటుంది కాబట్టి కొన్నిచోట్ల పని నడిచిపోతుంది. ఒక ఫారంలో బాగుండి మరో ఫారంలో చెడడానికి కారణం అదే. రెండు టేబుళ్లలోనూ ఐడి కాలమ్‌ల రకం అచ్చంగా ఒకటే చెయ్యండి.

ప్రశ్న: రొయ్యల చెరువుల వివరాలు రాసుకునే ప్రోగ్రాం మాది. గ్రిడ్‌లో మండలం ఎంచుకుంటే పక్క డ్రాప్‌డౌన్‌లో ఆ మండలం ఊళ్లే రావాలి. ఊళ్ల జాబితాకు ఫిల్టర్ పెడితే ఈ వరుస బాగానే వస్తోంది గానీ, మిగతా వరుసలన్నీ ఎర్రర్ కొడుతున్నాయి. ఇదే పని యాక్సెస్ ఫారంలో చేసి చూస్తే ఎర్రర్ రాలేదు గానీ మిగతా వరుసల్లో ఊళ్లు మాయమయ్యాయి. డేటా పోయిందేమోనని హడలిపోయాం.
– ఒక పాఠకురాలు, భీమవరం

జవాబు: డేటా ఎక్కడికీ పోలేదమ్మా. టేబుల్‌ను విడిగా తెరిచి చూడండి, ఊరి ఐడిలన్నీ పదిలంగా ఉంటాయి. అమలాపురం పాఠకుడికి చెప్పినదే ఇక్కడా వర్తిస్తుంది. మీరు ఫిల్టర్ చేసింది ఎంచుకునే జాబితాను అనుకున్నారు, కానీ గ్రిడ్ మొత్తం చూపించడానికి వాడుతున్నది కూడా అదే. భీమవరం మండలం ఊళ్లకు కుదించగానే ఉండి, కాళ్ల మండలాల వరుసలకు పేరు దొరకదు.

డేటాగ్రిడ్‌వ్యూలో అయితే ఊళ్ల టేబుల్‌కు రెండు వేర్వేరు వ్యూలు కావాలి. ‘న్యూ డేటావ్యూ’ అని రెండోది కొత్తగా సృష్టించండి. టేబుల్‌కు ఉన్న ‘డిఫాల్ట్ వ్యూ’నే రెండు చోట్లా వాడితే ఒకదాని ఫిల్టర్ రెండోదానికీ తగులుతుంది. ఇక్కడే అందరూ గంటలు పోగొట్టుకుంటారు. ఫిల్టర్ లేని వ్యూ కాలమ్‌కు. ఫిల్టర్ ఉన్నది సెల్ బిగిన్ ఎడిట్‌లో ఆ గడికి, ఎండ్ ఎడిట్‌లో తిరిగి మొత్తం వ్యూ.

మండలం మార్చినప్పుడు పాత ఊరు అలాగే ఉండిపోతే పాలకొల్లు మండలంలో ఆకివీడు ఊరు ఉన్నట్టు రికార్డు తయారవుతుంది. సెల్ వాల్యూ చేంజ్డ్‌లో మారింది మండలం కాలమ్ అయితే ఊరి గడిలో డీబీనల్ (ఖాళీ విలువ) పెట్టండి. వాడేవాళ్లు చేత్తో ఖాళీ చెయ్యాలంటే ఆ గడిమీద కంట్రోల్, సున్నా కలిపి నొక్కితే నల్ పడుతుంది. ఈ చిట్కా చాలామందికి తెలియదు. ఇంకో మెట్టు లోతుకు వెళ్తే, ఊరి ఐడి ఉంటే మండలం దానిలోంచే తెలుస్తుంది, చెరువుల టేబుల్‌లో మండలం ఐడి దాచనే అక్కర్లేదు. దాచకపోతే రెండూ పొసగని రికార్డు పుట్టే అవకాశమే ఉండదు.

యాక్సెస్ కంటిన్యువస్ ఫారంలో గడికో జాబితా ఇచ్చే వీల్లేదు. కాంబో బాక్సు చూడ్డానికి వరుసకొకటి ఉన్నట్టున్నా దాని ‘రో సోర్స్’ అన్ని వరుసలకూ ఒక్కటే. అందుకే ఎర్రర్ లేకుండా ఖాళీలు కనిపించాయి. తేలిక మార్గం ఇది. కాంబో ‘ఆన్ ఎంటర్’లో రో సోర్స్‌ను మండలం షరతుతో పెట్టండి, ‘ఆన్ ఎగ్జిట్’లో మొత్తం ఊళ్లకు మార్చండి. కర్సర్ ఆ గడిలో ఉన్నంతసేపు మిగతావి ఖాళీగా కనిపించి, బయటకు రాగానే తిరిగొస్తాయి. అది కూడా కనబడకూడదంటే ఫారం క్వెరీలో ఊళ్ల టేబుల్‌ను కలిపి ఊరి పేరు తెచ్చి, దాన్ని ఒక టెక్స్ట్ బాక్సులో పెట్టి, కాంబో మీద బాణం గుర్తు మాత్రం బయటకు కనిపించేంత వెడల్పుతో కప్పండి. టెక్స్ట్ బాక్సు ‘లాక్డ్’ను ‘యస్’ చేసి, దాని ‘ఆన్ గాట్ ఫోకస్’లో ఫోకస్‌ను కాంబోకు పంపండి. ఆ క్వెరీలో లెఫ్ట్ జాయిన్ తప్పనిసరి. మామూలు జాయిన్ పెడితే ఊరు ఇంకా నింపని చెరువులు ఫారంలోంచే కనుమరుగవుతాయి.

ప్రశ్న: రొయ్యల కొనుగోలు బిల్లులో కౌంటు ఎంచుకోగానే రేటు పడేలా డ్రాప్‌డౌన్ పెట్టాం. రేట్ల టేబుల్‌లో ఇవాళ్టి రేటు మార్చగానే నిన్నటి బిల్లుల మొత్తాలు కూడా మారిపోతున్నాయి! రైతులతో మాట పడాల్సి వచ్చింది.
– ఒక పాఠకుడు, కాళ్ల

జవాబు: ఇది అన్నిటికంటే ముందు సరిచేయాల్సిన తప్పు, ఇందులో ఎదుటివాళ్ల డబ్బు ఉంది. మీ బిల్లు వరుసలో కౌంటు ఐడి ఒక్కటే ఉంది, రేటును ప్రతిసారీ రేట్ల టేబుల్‌లోంచి చదువుతున్నారు. కిలోకు 40 రొయ్యలు తూగితే 40 కౌంటు అన్నది ఎప్పటికీ మారదు, దాన్ని ఐడితో కలపొచ్చు. రేటు అలా కాదు, పూట పూటకూ మారుతుంది. బిల్లు వరుసలో రేటుకు సొంత కాలమ్ ఉండాలి. కౌంటు ఎంచుకున్న క్షణంలో రేట్ల టేబుల్‌లోని అంకెను ఆ కాలమ్‌లోకి కాపీ చెయ్యాలి. ఆ తర్వాత బిల్లుకూ రేట్ల టేబుల్‌కూ సంబంధం ఉండదు. బేరంలో రూపాయి అటూ ఇటూ అయితే ఆ గడిలోనే దిద్దుకోవచ్చు.

కాపీ చేసే కోడ్ కౌంటు మారినప్పుడు మాత్రమే నడవాలి. ఫారం తెరిచినప్పుడో, వరుస తెరమీదకు వచ్చినప్పుడో నడిస్తే పాత బిల్లులు మళ్లీ మారతాయి. ఇప్పటికే చెడిపోయినవాటికి రైతుకు ఇచ్చిన కాగితం బిల్లే ఆధారం. దాన్ని చూసి రేటు కాలమ్ నింపండి, వెనక్కి లెక్కగట్టకండి.

ఏది ఐడితో కలపాలి, ఏది కాపీ చెయ్యాలి అని తేల్చుకోవడానికి ఒక ప్రశ్న వేసుకోండి: మూల టేబుల్‌లో మార్పు జరిగితే పాత రికార్డు కూడా మారడం న్యాయమేనా? 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయినప్పుడు నిడదవోలు పశ్చిమ గోదావరి నుంచి తూర్పు గోదావరిలోకి వెళ్లింది, రావులపాలెం కోనసీమ జిల్లాలోకి వచ్చింది. రైతుల చిరునామాల్లో జిల్లా పేరును అక్షరాలుగా కొట్టుకున్నవాళ్లు వేల వరుసలు దిద్దాల్సి వచ్చింది. మండలాల టేబుల్‌లో జిల్లా ఐడి పెట్టుకున్నవాళ్లకు మండలానికి ఒక్క వరుస మారిస్తే సరిపోయింది. చిరునామా మారడం న్యాయం, కనుక అక్కడ ఐడి. బిల్లు మొత్తం మారడం అన్యాయం, కనుక అక్కడ కాపీ.

ప్రశ్న: అరటి గెలల కొనుగోలు గ్రిడ్‌లో రకం కాలమ్ హెడ్డింగు నొక్కితే అక్షర క్రమంలో రావడం లేదు. కర్పూర, చక్కెరకేళి కలగాపులగంగా వస్తున్నాయి.
– ఒక పాఠకుడు, రావులపాలెం

జవాబు: పేర్ల వెనక ఉన్న ఐడిల ప్రకారం వరుస పడుతోంది. డేటాసెట్‌లో రెండు టేబుళ్ల మధ్య రిలేషన్ పెట్టి, కొనుగోళ్ల టేబుల్‌కు ‘రకం పేరు’ అని ఎక్స్‌ప్రెషన్ కాలమ్ ఒకటి చేర్చి, ఎక్స్‌ప్రెషన్‌గా పేరెంట్ డాట్ పేరు అని ఇవ్వండి. అది గ్రిడ్‌లో చూపించక్కర్లేదు, డేటాబేస్‌లోకీ వెళ్లదు. రకం కాలమ్ ‘సార్ట్ మోడ్’ను ‘ప్రోగ్రమాటిక్’ చేసి, హెడ్డింగు నొక్కిన ఈవెంట్‌లో బైండింగ్ సోర్స్ ‘సార్ట్’కు ఆ కాలమ్ పేరు ఇవ్వండి. క్వెరీలోనే జాయిన్ చేసి పేరు తెస్తే తేలిక కదా అనుకోవచ్చు గానీ, కమాండ్ బిల్డర్ వాడుతుంటే రెండు టేబుళ్ల క్వెరీకి అది అప్‌డేట్ వాక్యం రాయలేదు, సేవ్ చేసేటప్పుడు ఆగిపోతుంది.

ప్రశ్న: కొబ్బరి రైతుల పేర్ల డ్రాప్‌డౌన్‌లో ఒకే పేరు రెండేసిసార్లు వస్తోందండి. చూడ్డానికి అక్షరం తేడా లేదు. యూనిక్ అని పెట్టినా ఎలా దూరాయో అర్థం కావడం లేదు.
– ఒక పాఠకుడు, అంబాజీపేట

జవాబు: పేర్లు తెలుగులో ఎక్కిస్తున్నారు కదా. ‘శ్రీనివాస్’ లాంటి పొల్లుతో ముగిసే పేర్ల చివర కొన్ని కీబోర్డులు కంటికి కనిపించని ఒక గుర్తును చేరుస్తాయి. పొల్లు తర్వాత వచ్చే హల్లుతో కలిసి ఒత్తు అయిపోకుండా ఆపడం దాని పని, యూనికోడ్‌లో దాని సంఖ్య 8204. ఒక గుమాస్తా వాడే కీబోర్డు దాన్ని పెడుతుంది, ఇంకో గుమాస్తాది పెట్టదు. మనకు రెండు పేర్లూ ఒకటే, డేటాబేస్‌కు వేర్వేరు. అందుకే యూనిక్ ఇండెక్స్ ఆపలేదు. ప్రతి పేరు పక్కన దాని పొడవు చూపించే క్వెరీ రాసి చూడండి, ఒకదానికి ఒక అక్షరం ఎక్కువ కనిపిస్తుంది.

డాట్‌నెట్‌లోని ట్రిమ్ దీన్ని ఖాళీగా లెక్కవేయదు, వదిలేస్తుంది. అలాగని పేరంతటా రీప్లేస్ చెయ్యకండి. ‘రాజ్‌కుమార్’ మధ్యలో ఆ గుర్తు ఉండాల్సిందే, తీసేస్తే జకారానికి కకారం ఒత్తుగా పడుతుంది. పేరు చివర మాత్రమే తీయాలి. ఎస్‌క్యూలైట్‌లో ఆర్‌ట్రిమ్‌కు రెండో విలువగా ఖాళీ, చార్ 8204 కలిపి ఇస్తే చివర్న ఉన్నవి రెండూ పోతాయి. సేవ్ చేసే ప్రతిచోటా ఇదే చెయ్యండి.

శుభ్రం చేసేముందు జంటలను కలపాలి. ముందుగా చీటీల టేబుల్‌లో రెండో ఐడి ఉన్నచోటల్లా మొదటి ఐడి పెట్టండి. ఆ తర్వాతే రెండో రైతు వరుసను తీయండి. వరుస తిరగబడితే చీటీలు అనాథలవుతాయి. మొత్తం పనిని ఒకే ట్రాన్సాక్షన్‌లో, బ్యాకప్ తీసుకున్నాకే చెయ్యాలి.

అయితే కలిపేముందు ఆ ఇద్దరూ నిజంగా ఒకరేనా అన్నది చూడండి. మన ఊళ్లలో ఒకే ఇంటిపేరు, ఒకే పేరు ఉన్నవాళ్లు ముగ్గురు నలుగురు ఉండడం మామూలే. అందుకే రైతుల డ్రాప్‌డౌన్‌లో పేరొక్కటే చూపించడం మంచిది కాదు. పేరు, తండ్రి పేరు, ఊరు కలిపి ఒక కాలమ్‌గా క్వెరీలో తయారుచేసి దాన్ని డిస్‌ప్లే మెంబర్‌గా ఇవ్వండి. ‘డ్రాప్‌డౌన్ విడ్త్’ పెంచితే కాలమ్ ఇరుగ్గా ఉన్నా తెరిచిన జాబితాలో మొత్తం కనిపిస్తుంది. రైతులు కొన్ని వందలు దాటితే ఇక డ్రాప్‌డౌనే తగదు. కోడ్ కొట్టగానే పేరు వచ్చే గడి, పక్కన వెతికే చిన్న కిటికీ పెట్టుకోండి.

ప్రశ్న: లేసు ఆర్డర్ల కోసం మ్యాక్‌లో కోర్ డేటాతో (డేటా దాచుకోడానికి యాపిల్ ఇచ్చిన వ్యవస్థ) అప్లికేషన్ రాసుకుంటున్నాను. ఆర్డర్ల టేబుల్ వ్యూలో డిజైన్ కాలమ్‌కు పాపప్ బటన్ పెట్టి బైండింగ్స్ ఇస్తే, పేర్లు వస్తున్నాయి గానీ ఎంచుకోగానే ‘అన్‌యాక్సెప్టబుల్ టైప్ ఆఫ్ వాల్యూ ఫర్ టు-వన్ రిలేషన్‌షిప్’ అంటోంది.
– ఒక పాఠకురాలు, నరసాపురం

జవాబు: మీరు ‘సెలెక్టెడ్ వాల్యూ’ను బైండ్ చేసి ఉంటారు. అది పేరును, అంటే స్ట్రింగ్‌ను పంపుతుంది. రిలేషన్‌కు కావలసింది డిజైన్ ఆబ్జెక్టు. విండోస్‌లో ఐడి చేసే పనిని ఇక్కడ ఆబ్జెక్టే చేస్తుంది.

అమరిక ఇలా ఉండాలి. డిజైన్లకు ప్రత్యేకంగా ఒక అర్రే కంట్రోలర్ పెట్టి, మోడ్ ‘ఎంటిటీ నేమ్’ చేసి, ‘ప్రిపేర్స్ కంటెంట్’ టిక్ పెట్టి, మేనేజ్డ్ ఆబ్జెక్ట్ కాంటెక్స్ట్‌ను బైండ్ చెయ్యండి. టిక్ మర్చిపోతే పాపప్ ఖాళీగా తెరుచుకుంటుంది. టేబుల్ వ్యూ కంటెంట్ ఆర్డర్ల కంట్రోలర్‌కు కట్టి ఉండాలి. పాపప్ బటన్‌కు మూడు బైండింగ్స్: ‘కంటెంట్’ డిజైన్ల కంట్రోలర్ అరేంజ్డ్ ఆబ్జెక్ట్స్‌కు, ‘కంటెంట్ వాల్యూస్’ అదే అరేంజ్డ్ ఆబ్జెక్ట్స్‌లోని పేరుకు, ‘సెలెక్టెడ్ ఆబ్జెక్ట్’ టేబుల్ సెల్ వ్యూలోని ఆబ్జెక్ట్ వాల్యూ డాట్ డిజైన్‌కు. పాత పాఠాల్లో ఇవే బైండింగ్స్ టేబుల్ కాలమ్ మీద ఇవ్వమని ఉంటుంది. అవి సెల్ ఆధారిత టేబుళ్ల కాలంనాటివి. 2011లో 10.7తో వ్యూ ఆధారిత టేబుళ్లు వచ్చాక బైండింగ్ లోపలి పాపప్‌కే ఇవ్వాలి.

కోర్ డేటా తనంతట తాను ఏ క్రమాన్నీ పాటించదు, డిజైన్ల కంట్రోలర్‌కు పేరు మీద సార్ట్ డిస్క్రిప్టర్ ఇవ్వండి. ఇంకా డిజైన్ తేలని ఆర్డర్లుంటే కంటెంట్ బైండింగ్‌లో ‘ఇన్సర్ట్స్ నల్ ప్లేస్‌హోల్డర్’ టిక్ పెడితే జాబితా పైన ఖాళీ ఎంపిక వస్తుంది. డిజైన్లను వెతుక్కునే తెర ఇంకోటి ఉంటే దాని కంట్రోలర్‌ను పాపప్‌కు వాడొద్దు. అక్కడ వెతుకుపెట్టెలో ఏదైనా కొట్టగానే ఇక్కడి పాపప్ జాబితా కూడా కుంచించుకుపోతుంది. చూపించే జాబితా ఎప్పుడూ పూర్తిగా ఉండాలన్న నియమం మ్యాక్‌లోనూ మారలేదు. రెండు కాంటెక్స్ట్‌ల మధ్య రిలేషన్ కుదరదంటూ ఎర్రర్ వస్తే ఆర్డర్ల కంట్రోలర్, డిజైన్ల కంట్రోలర్ వేర్వేరు కాంటెక్స్ట్‌లకు కట్టి ఉన్నాయని అర్థం. రెంటినీ ఒకదానికే కట్టండి.

ప్రశ్న: ఖర్చు లేకుండా లిబ్రేఆఫీస్ బేస్‌లో ఇలాంటి డ్రాప్‌డౌన్ వస్తుందాండి?
– ఒక పాఠకుడు, పెనుగొండ

జవాబు: వస్తుంది. ఫారంను ఎడిట్ మోడ్‌లో తెరిచి, టేబుల్ కంట్రోల్‌లో ఆ కాలమ్ హెడ్డింగు మీద కుడి బటన్ నొక్కి, ‘రీప్లేస్ విత్’లో లిస్ట్ బాక్స్ ఎంచుకోండి. దాని లక్షణాల్లో ‘డేటా’ పేజీకి వెళ్లి, ‘డేటా ఫీల్డ్’కు చీటీల టేబుల్‌లోని రకం ఐడి ఇవ్వండి. ‘టైప్ ఆఫ్ లిస్ట్ కంటెంట్స్’ను ఎస్‌క్యూఎల్ చేసి, ‘లిస్ట్ కంటెంట్’లో రకాల టేబుల్‌లోంచి ముందు పేరు, తర్వాత ఐడి వచ్చే సెలెక్ట్ వాక్యం రాయండి. టేబుల్, కాలమ్ పేర్లు డబుల్ కొటేషన్లలో ఉండాలి. ‘బౌండ్ ఫీల్డ్’ 1 ఉంచండి. లెక్క సున్నాతో మొదలవుతుంది కాబట్టి 1 అంటే రెండో కాలమ్, అంటే ఐడి. అక్కడ 0 పెడితే ఐడి ఉండాల్సిన కాలమ్‌లోకి పేరు వెళ్లబోయి సేవ్ ఆగిపోతుంది. ఫారం తెరిచి ఉండగా రకాల టేబుల్‌లో కొత్త పేరు చేరిస్తే జాబితాలో వెంటనే కనబడదు. కర్సర్‌ను ఆ కాలమ్‌లో ఉంచి, కింది పట్టీలోని ‘రిఫ్రెష్ కంట్రోల్’ నొక్కండి.